మాటలో రెండో సగం

మొగుడు మోతీలాల్ లారీ ఎక్కేటప్పుడు "ఎప్పుడొస్తవ్" అని భీమ్లి ఎన్నడూ అడగదు. ఏ తోవన పోతున్నావని కూడా అడగదు. బయలుదేరిన మనిషిని అట్లా అడిగితే ప్రయాణానికి అడ్డు తగిలినట్టేనని తండాలో తల్లి దగ్గర నేర్చుకున్న సంగతి. ముందు చక్రాల కింద చెరొక నిమ్మకాయ పెడుతుంది. చెంబుడు నీళ్లు టైరు మీద పోస్తుంది. పక్కకు జరిగి, పెదవులు బిగించుకుని నిలబడుతుంది.

ఆ మంగళవారం కూడా అంతే చేసింది. బియ్యం బస్తాలు నింపుకున్న లారీ బాన్సువాడ మిల్లు గేటు దాటి మద్నూర్ రోడ్డుకు మళ్లింది. వెనక తాడు ముడి మరొకసారి లాగి చూసుకుని క్లీనర్ పండరి పరుగెత్తి డోరు పట్టుకున్నాడు. మోతీలాల్ తల బయటపెట్టి, "ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఆ మాట వినగానే భీమ్లికి ఫికర్ మొదలైంది. చేయవద్దని చెప్పాడంటే చేయాల్సింది ఏదో ఉండే ఉంటుంది.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేసరికి పొద్దు గూకింది. ఇల్లంటే ఒక్క గది. బిడ్డ చదువు కోసం తండా వదిలి వచ్చి కిరాయికి తీసుకున్నది. తండా దేవత మేరామ యాడి పటం ముందు దీపం పెట్టి, జొన్నపిండి కలిపి రొట్టె కొట్టడం మొదలుపెట్టింది. జ్యోతి గోడకు ఆనుకుని ఇంగ్లీషు పాఠం పైకి చదువుతోంది. తొమ్మిదో తరగతి. పిల్లకు తెలుగు గట్టిపడాలని ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకుంటున్నారు కొన్నేళ్లుగా. సొంత భాషలో అమ్మను పిలిచే 'యాడీ' అన్న పిలుపు ఒక్కటే మిగిలింది.

"ఇఫ్ ఇట్ రెయిన్స్, ది బస్ విల్ నాట్ కమ్."

"ఏమంటుండే గది?"

"వానొస్తే బస్సు రాదని."

"ఇప్పుడు వానెక్కడిదే? ఎండలు మొదలైనయ్ కద."

"ఉత్తగనే యాడీ. ఎగ్జాంపుల్. ఇఫ్ అని మొదలుపెట్టి చెప్పాలె, గట్ల అయితే గిట్ల అయితదని. వందన టీచర్ ఇంట్లకెళ్లి సొంతంగ తెమ్మన్నది. పుస్తకంల ఉన్నది చెప్తే ఒప్పుకోదు."

భీమ్లి రొట్టెను పెనం మీద వేసి తడిచెయ్యి తిప్పింది. జ్యోతి కళ్లు పైకెత్తి గది పైకప్పు రేకుల్లో వాక్యం వెతుక్కుంది. దొరికింది కాబోలు, మొహం విప్పారింది.

"ఇఫ్ మై ఫాదర్ డజ్ నాట్ కమ్ హోమ్, మై మదర్ విల్ క్రై."

ఫాదర్, మదర్ అన్నవి భీమ్లికి తెలుసు. తను పనిచేసే బడిలో పొద్దస్తమానం వినే మాటలే. "మా ఇద్దరి మీద ఏం చెప్పినవే?" అంది నవ్వుతూ.

"బాపు ఇంటికి రాకపోతే..."

పిండి చెయ్యి పిల్ల నోటి మీద పడింది. కొట్టలేదు. అదిమి పట్టుకుంది, పొంగుతున్న పాలగిన్నె మీద మూత పెట్టినట్టు. జ్యోతి ముక్కుతో ఊపిరి పీల్చడం అరచేతికి తగులుతోంది. అయినా చెయ్యి తీయడానికి భీమ్లికి ధైర్యం రాలేదు. తీస్తే మిగతా మాట బయటికొస్తుంది.

"దీపం పెట్టిన యాళ్ల," అంది గొంతు తగ్గించి. "బాపు రోడ్డు మీద ఉండంగ. పైనోళ్లు వింటరే. తథాస్తు అంటరే."

పెనం మీద రొట్టె మాడింది. ఆమె లేచి దోసెట్లో కల్లుప్పు తీసుకుని, పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఉప్పు చిటపటమంది. ఆ చప్పుడు విన్నాక గాని ఆమె గుండె కిందికి దిగలేదు. జ్యోతి పెదవుల మీద, చెంప మీద తెల్లగా వేళ్ల ముద్ర.

"మళ్ల అంటవా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"గా ఇఫ్ అనే మాటే అనకు."

జ్యోతి మాడిన రొట్టె తనే తీసుకుని తిన్నది.

*

బడిలో గంట అంటే వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క. దాన్ని కొట్టేది భీమ్లి. గదులూడ్చేది, నల్లా దగ్గర డ్రమ్ము నింపేది, చిన్నపిల్లలు తడుపుకున్న లాగులు మార్చేది కూడా ఆమే. బడంతా ఆమెను ఆయమ్మా అంటుంది. గంట కొట్టడంలో ఎన్నడూ ఆలస్యం చేయలేదు. ముందుగానే సుత్తి పట్టుకుని ఆఫీసు గోడ గడియారం కేసి చూస్తూ నిలబడుతుంది. ఆలస్యమైతే సార్ పిలుస్తాడు. పిలిస్తే ఏదో అంటాడు. అంటే... అక్కడికొచ్చి ఆమె ఆలోచన ఎప్పుడూ ఆగిపోతుంది. అంటే ఏమవుతుందో చివరిదాకా పోయి చూడలేదు.

గురువారం ఆమె తొమ్మిదో తరగతి కిటికీ కింద కూర్చుని బోర్డు తుడిచే గుడ్డలు బక్కెట్లో పిండుతోంది. లోపల వందన టీచర్ పిల్లలను ఇద్దరిద్దరిని పక్కపక్కన నిలబెట్టి ఇంగ్లీషులో పోల్చి చెప్పిస్తోంది. బిట్టు ఈజ్ టాలర్ దాన్ సుమన్. సుమన్స్ బ్యాగ్ ఈజ్ హెవియర్ దాన్ బిట్టూస్ బ్యాగ్. 'దాన్' అన్నప్పుడల్లా పిల్లల గొంతులు ఒక్కటవుతున్నాయి.

భీమ్లికి ఆ పని మొదటినుంచీ నచ్చలేదు. పిల్లలను పక్కపక్కన నిలబెట్టి ఎవరు పొడుగు, ఎవరు పొట్టి అని కొలుస్తారా ఎవరైనా? తన ఇంట్లో ఎవరైనా చుట్టపామె వచ్చి "జ్యోతి మా పిల్లకంటె ఏపుగ పెరిగింది" అంటే, ఆమె అటు పోగానే పిల్లకు ఉప్పు తిప్పేది. పోల్చినచోట కన్ను పడుతుంది.

"ఇగ రోజారాణి, జ్యోతి రాండ్రి."

చెప్పులు నేలకు రాసుకున్న చప్పుడు. ఎవరో వెనక బెంచీ నుంచి, అడగకముందే అన్నారు: "రోజారాణి ఈజ్ ఫేరర్ దాన్ జ్యోతి."

నవ్వులు. "రంగుల మాటొద్దని చెప్పిన్న లేదా?" అని టీచర్ గదిమింది గాని, నవ్వు అప్పటికే క్లాసంతా తిరిగొచ్చింది. భీమ్లి చేతిలో గుడ్డ పిండి పిండి తాడైపోయింది. కిటికీ కింద నుంచి లేవలేదు. లేస్తే ఆయమ్మ చూసిందని అందరికీ తెలుస్తుంది. అది జ్యోతికి ఇంకా చిన్నతనం.

"జ్యోతీ, నువ్వొకటి చెప్పు. ఏదన్న సరే. పోనీ, ఇఫ్ తోటి చెప్పు."

"ఇఫ్..." అన్నది జ్యోతి గొంతు.

ఆ తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ నవ్వులు.

మధ్యాహ్నం సార్ పిలిపించాడు. బడి నడిపేది భానుప్రసాద్ సార్. కేకలేసే మనిషి కాదు. మెత్తగా మాట్లాడతాడు, అందుకే అందరికీ ఎక్కువ భయం. భీమ్లి గడప బయటే నిలబడింది.

"శనివారం తొమ్మిదోదోళ్లు ఇంగ్లీషు మాట్లాడేది నేనే వచ్చి వింట భీమ్లి. పోయినేడు పదో తరగతిల వందకు వంద పాస్ అనుకున్నం, రాలే. ఈసారి నోరిప్పని పిల్లలను ముందుకు తీస్కపోను. నీ బిడ్డ సంగతి టీచర్లు చెప్తుండ్రు. శనివారం చూస్త. కాకపోతే టీసీ ఇస్త, సర్కారు బడికి పంపుకో. గదేం తప్పు కాదు."

"సరే సార్," అంది ఆమె.

టీసీ అన్నది సార్‌కు ఒక కాగితం. భీమ్లికి అట్లా కాదు. ఏడో తరగతిలో ఆమె చేతికీ ఒకటి ఇచ్చారు. 'మళ్ల ఏడన్న చేర్పిస్తం లే' అన్నారు ఇంట్లో. ఆ కాగితం తండాలో ట్రంకుపెట్టెలోనే ఉంది. ఆమె ఎరిగినంతలో, టీసీ చేతికొచ్చిన ఆడపిల్ల మళ్లీ ఏ బడి గడపా తొక్కలేదు. పత్తి చేన్లోకి పోయింది, ఆ మీదట పెళ్లిపీటల మీదికి.

సాయంత్రం నల్లా దగ్గర వందన టీచర్ సుద్దచేతులు కడుక్కోవడానికి వచ్చింది. రుద్రూర్ పిల్ల. రోజూ బస్సులో వస్తుంది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

"అక్కా, జ్యోతికి అన్ని వస్తయి. రాయమంటే తప్పు లేకుంట రాస్తది. మాట్లాడమంటేనే..." టీచర్ అటూ ఇటూ చూసింది. "ఇఫ్ అంటది. అని ఇట్ల చేస్తది."

చెయ్యెత్తి తన నోరు తనే మూసుకుంది. అరచెయ్యి మొత్తం, గట్టిగా అదిమి. తీశాక పెదవుల మీద, చెంప మీద సుద్ద తెల్లగా అంటుకుని ఉంది.

భీమ్లి ఆ తెల్లటి ముద్రనే చూస్తూ ఉండిపోయింది. డ్రమ్ము నిండి నీళ్లు పొర్లి పాదాల మీదికి వచ్చాయి.

"ఎవలన్న బెదిరిచ్చిన్రా అక్కా దాన్ని?"

"లేదు మేడం." నల్లా కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడిచిన చేతులే మళ్లీ తుడిచింది. "మేడం, గా ఇఫ్ అనేది... మంచి మాటేనా?"

టీచర్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకుంది. "మంచిదీ కాదు చెడ్డదీ కాదక్కా. రెండు సగాలుంటయి దాంట్ల. గట్ల అయితే అని ఒక సగం. అప్పుడు ఏం చేస్తం అని ఇంకో సగం. మా నాయిన జోడెడ్లు కట్టినట్టు అనుకో. ఒకటి ముందలకు, ఒకటి ఎనుకకు గుంజితే నాగలి నడవదు కద. అయిపోయిన మాట తోని అయిపోయిన మాట, అయ్యే మాట తోని అయ్యే మాట కట్టాలె. గంతే. జ్యోతి మొదటి సగం కాడనే ఆగుతుంది. వినేటోళ్లు ఎదురుచూస్కుంటనే ఉంటరు." చెంప మీది సుద్ద తుడుచుకుంది. "శనివారం నన్ను కూడా చూస్తడు సార్. నాకు కూడా భయమే."

*

శుక్రవారం మధ్యాహ్నం నాందేడ్ నుంచి మోతీలాల్ ఫోన్ చేశాడు. సరుకు దింపామని, వాపసు లోడు దొరికిందని, పొద్దున బయలుదేరుతామని చెప్పాడు. భీమ్లి "ఊ" అంది. ఎన్నింటికి అని అడగలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చాక జ్యోతిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చెప్పే. రేపు చెప్పేది చెప్పు."

"ఏం చెప్పాలె?"

"గదే. వానొస్తే బస్సు రాదని చెప్తివి కద."

జ్యోతి నోరు తెరిచింది. "ఇఫ్," అంది. చెయ్యి లేచింది. సగం దూరంలో దాన్ని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించింది గాని, మాట అప్పటికే లోపలికి పోయింది.

"నేను కావాల్నని చేస్తలేను యాడీ. గదే వస్తుంది."

"మంచిది చెప్పు బిడ్డా. చెడ్డది ఎందుకు? బాపు వస్తే అని చెప్పు. వస్తే మిఠాయి తెస్తడని చెప్పు."

జ్యోతి ఆలోచించింది. "వస్తే అన్నా గంతే యాడీ. వస్తే అంటే, రాడేమో అన్నది కూడ దాంట్ల ఉన్నట్టే కద."

భీమ్లికి తెలుసు, పిల్ల చెప్పింది నిజం. ఎన్నేళ్లుగా 'వస్తే చాలు' అని మొక్కుకుంటూ, ఆ 'వస్తే'లోనే ఇంకొకటి దాచుకుని తిరుగుతోంది తను.

"నువ్వే వద్దన్నవ్," అంది జ్యోతి. గొంతు పెద్దది చేయలేదు. అందుకే అది ఎక్కువ తగిలింది. "అందరు నవ్వుతుండ్రు నన్ను."

భీమ్లి లేచింది. తలుపు దగ్గరికి వేసింది. కిటికీ రెక్క మూసింది. దీపం పెట్టాలి, పెట్టలేదు. దీపం లేని వేళ అయితే పైవాళ్లకు వినపడదేమోనని ఒక చిన్న ఆశ. తర్వాత ఆ ఆశకు సిగ్గుపడి, లేచి దీపం కూడా పెట్టింది. వచ్చి పిల్ల ముందు కూర్చుంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది, అవి నోటి దగ్గరికి పోకుండా.

"మీ బాపు," అంది.

పక్కింట్లో కుక్కరు కూత పెడితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"మీ బాపు ఇంటికి... రాకపోతే."

అనేసింది. చెవులు మూసుకుపోయినట్టయింది. రేకుల మీద ఏదో పడుతుందని, ఫోన్ మోగుతుందని, తలుపు కొట్టి ఎవరో పిలుస్తారని ఎదురుచూసింది. దీపం ఊగలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతూనే ఉంది.

జ్యోతి ముందుకు వంగింది. "రాకపోతే?"

"రాకపోతే ఏడుస్త."

"తర్వాత?"

"తర్వాతేంది? ఏడుస్త."

"ఎంతసేపు?"

"శానసేపు. నువ్వు కూడ ఏడుస్తవ్. తండాకెళ్లి మీ మామలొస్తరు."

"తర్వాత యాడీ?"

అక్కడికి భీమ్లి ఎప్పుడూ పోలేదు. ఆ ఏడుపు అవతల ఏమీ లేదనుకుంది, ఊరి చివర రోడ్డు తెగిపోయినట్టు. ఇప్పుడు పిల్ల వేలు పట్టుకుని లాగుతుంటే తప్పక ఆ చీకట్లో కాలు పెట్టి తడుముకుంది. కాలికి ఏదో తగిలింది.

"బడికి పోవాలె కద," అంది నెమ్మదిగా. "గంట కొట్టాలె. నేను కొట్టకపోతే ఎవలు కొడ్తరు? చిన్నపోరగాండ్లు ఎండల నిలబడ్తరు."

"ఏడ్చుకుంట కొడ్తవా?"

"ఏడ్చుకుంటనే కొడ్త."

జ్యోతికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కాలేదు. తల్లి కళ్లనిండా నీళ్లతో, ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో సుత్తి పట్టుకుని నిలబడ్డ బొమ్మ ఆ పిల్ల కళ్లముందు కట్టినట్టుంది. "మొగడు రాలేదంటే నవ్వుతవే," అని భీమ్లి పిల్ల భుజం మీద ఒక్కటి వేసింది. వేస్తూ తనూ నవ్వింది. నవ్వినందుకు మళ్లీ భయపడింది.

అప్పుడు జ్యోతి ఇంగ్లీషులో చెప్పింది. మొదటి సగం, రెండో సగం, ఆ మీద గంట ముక్క కూడా. చెయ్యి ఒళ్లోంచి లేవలేదు.

అన్నం తిన్నాక పిల్ల గిన్నెలు కడగడానికి బయటికి పోగానే, భీమ్లి గబగబా దోసెడు ఉప్పు తీసి పొయ్యిలో వేసింది. మాట అయితే చెప్పించింది గాని, ఉప్పు మానేంత ధైర్యం ఇంకా రాలేదు.

*

శనివారం పొద్దున మోతీలాల్ ఫోన్ స్విచాఫ్ అని చెప్పింది. పండరి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది, ఆ తర్వాత అది కూడా కలవలేదు. ముగ్గు వేసి ఫోన్ చేసింది, నీళ్లు తోడి చేసింది, జ్యోతికి జడ వేస్తూ ఒక చేత్తో చేసింది. అదే ఆడగొంతు, అదే మాట.

"చార్జింగ్ అయిపోయుంటది," అంది జ్యోతి అద్దంలోంచి.

"ఊ."

నిన్న సాయంత్రం తన నోటితోనే అన్నది. కిటికీ మూసి మరీ అన్నది. దీపం ముందు కూర్చుని, పిలిచి మరీ అన్నది. బడికి నడుస్తున్నంతసేపూ ఆ మాట నాలుక మీద ముల్లులా ఆడింది. కోటగిరి వైపు పోయే ఆటోలు, వరిగడ్డి ట్రాక్టర్లు పక్కనుంచి పోతున్నాయి. లారీ కనబడితే నంబరు చూసింది. ప్రతి లారీకీ చూసింది.

ఊడ్చిన వరండానే మళ్లీ ఊడ్చింది. బొడ్లో దోపుకున్న ఫోన్ తీసి చూసుకుంది. సార్ తొమ్మిదో తరగతిలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పిల్లలు ఒక్కొక్కరు లేచి నిలబడి చెబుతున్నారు. బిట్టు గడగడా అప్పజెప్పాడు. రోజారాణి మధ్యలో ఆగి, మళ్లీ అందుకుంది. వందన టీచర్ గోడవారన చేతులు నలుపుకుంటూ నిలబడింది.

జ్యోతి పేరు వినబడింది. భీమ్లి చీపురుతో సహా తలుపు పక్కకు వచ్చింది. పిల్లను బయటికి పిలవాలి. ఆ ఒక్కటీ అనకే, ఇయ్యాల వద్దే అని చెప్పాలి. వాన మాట చెప్పు, బస్సు మాట చెప్పు. ఇవ్వాళ తండ్రి ఫోన్ కలవని రోజు. నిన్న ఒకసారి అంటేనే ఇట్లా అయింది, పదిమందిలో అంటే...

"పోల్చి చెప్పమ్మా ఒకటి," అన్నాడు సార్.

"ది లారీ ఈజ్ బిగ్గర్ దాన్ అవర్ హౌస్," అంది జ్యోతి.

పిల్లలు నవ్వారు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. సార్ కూడా పెదవి కదిపాడు. "నిజమేనా?"

"నిజమే సార్. మా రూముల లారీ పట్టదు. లారీల మా రూము పట్టుతది."

"బాగున్నది. ఇగ ఇఫ్ తోని."

జ్యోతి తల తిప్పి తలుపు వైపు చూసింది. తల్లి బొడ్లోని ఫోన్ వైపు చూసింది. ఆ పిల్లకూ తెలుసు. పొద్దున్నుంచీ తెలుసు. భీమ్లి తల అడ్డంగా ఊపబోయింది, మెడ కదల్లేదు.

"ఇఫ్ మై ఫాదర్ డజ్ నాట్ కమ్ హోమ్..."

"ఆగాగు." సార్ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే వెనక్కి పోయి, రెండో చేతి మణికట్టుకున్న ఎర్రదారాన్ని పట్టుకుంది. "పొద్దుగాలనే గదేం మాటమ్మా? తండ్రి రాకపోతే అంటరా ఎవలన్న? ఇంట్ల పెద్దోళ్లు చెప్పలేదా? మంచి మాట చెప్పు. ఇఫ్ ఇట్ రెయిన్స్ చెప్పు."

జ్యోతి కుడిచెయ్యి లేవడం భీమ్లికి కనబడింది. నడుము దగ్గరి నుంచి రొమ్ము దాకా, రొమ్ము దగ్గరి నుంచి గడ్డం దాకా. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు.

ఎప్పుడు గడప దాటిందో ఆమెకే తెలియదు. క్లాసులో పిల్లలుండగా ఆయమ్మ లోపలికి రావడం ఆ బడిలో లేదు. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

"చెప్పనీయండి సార్."

సార్ తల తిప్పి చూశాడు. "ఏంది భీమ్లి?"

"దానికి ఇంకో సగం ఉన్నది సార్. సగం కాడ ఆపొద్దు." చీపురు రెండో చేతిలోకి మార్చుకుంది. "చెప్పనీయండి. చెప్తే... ఏం గాదు."

ఏమీ కాదని ఆమెకు తెలియదు. తెలియకుండానే అన్నది. బతుకులో మొదటిసారి తెలియని దాని మీద మంచివైపుకు ఒక మాట వేసింది, లోతు తెలియని కాలువలో అడుగు వేసినట్టు.

జ్యోతి చెయ్యి గడ్డం దగ్గర ఆగి, కిందికి దిగింది.

"ఇఫ్ మై ఫాదర్ డజ్ నాట్ కమ్ హోమ్, మై మదర్ విల్ క్రై," అంది. ఊపిరి తీసుకుంది. "దెన్ షి విల్ రింగ్ ది బెల్."

ఎవరూ నవ్వలేదు. సార్ దారం వదిలి, కాగితం వైపు వంగాడు. ముందు బెంచీలో రోజారాణి గుసగుసగా అంది: "ఆయమ్మా, బెల్లు."

భీమ్లి ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఆఫీసు గడియారంలో ముల్లు దాటిపోయింది. చేరిన నాటినుంచీ ఎన్నడూ లేనిది, గంట ఆలస్యమైంది. చీపురు గోడకు ఆనించి వరండాలోకి పోయింది. కళ్లు మసకబారి సుత్తి రెండుసార్లు చేతికి దొరకలేదు. కొంగుతో తుడుచుకుని, తీసుకుని కొట్టింది. మోత ఎప్పటిలాగే వచ్చింది. గదుల్లోంచి పిల్లలు ఎప్పటిలాగే ఒకరినొకరు తోసుకుంటూ బయటికి వచ్చారు.

శనివారం ఒంటిపూట బడి విడిచాక వందన టీచర్ గేటు దగ్గర ఆమెను పట్టుకుంది. "పిల్ల ఉండనీ అన్నడు అక్కా. టీసీ మాట ఎత్తలే." ఒక్క క్షణం ఆగి, "ఆయమ్మకు చెప్పు, ఇగ మీద క్లాసుల మాట్లాడొద్దని, అని కూడా అన్నడు," అంది.

"మాట్లాడను మేడం," అంది భీమ్లి.

రోడ్డు మీదికి వచ్చారు తల్లీబిడ్డలు. ఎండ మాడుతోంది. భీమ్లి మళ్లీ ఫోన్ చేసింది. స్విచాఫ్.

"యాడీ, నిజంగనే ఏం గాదా? చెప్తే?"

"ఏమో బిడ్డా. నాకేం తెల్సు."

"మరి గట్లెందుకన్నవ్ సార్‌తోని?"

"నువ్వు చెయ్యి లేపుతున్నవ్ కద," అంది భీమ్లి.

జ్యోతి తల్లి చేతిలోంచి సంచి తీసుకుని తన భుజానికి వేసుకుంది. మిల్లు దగ్గరి మూలకు వచ్చేసరికి ఫోన్ మోగింది. కొత్త నంబరు. కొత్త నంబరు ఏదొచ్చినా భీమ్లి ఎత్తదు. ఎవరు ఏం చెప్పేస్తారోనని జ్యోతి చేతికిస్తుంది. ఇప్పుడు కూడా అలవాటుగా పిల్ల వైపు చాపింది. జ్యోతి అందుకోబోయింది. భీమ్లి చెయ్యి వెనక్కి తీసుకుని, తనే నొక్కి చెవికి పెట్టుకుంది.

అవతల ఎవరో మగమనిషి మరాఠీలో మాట్లాడాడు. ఏమీ అర్థం కాలేదు. పక్కనున్న దుకాణం అరుగు మీద కూలబడింది. ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది.

"నేనే," అన్నాడు మోతీలాల్. "దెగ్లూర్ కాడ హోటలాయన ఫోనిది. రేడియేటర్ల నీళ్లు పోస్తుంటే జేబుల ఫోను బక్కెట్ల పడ్డది. పండరిగాని ఫోన్ల చార్జింగ్ లేదు. వింటున్నవా?"

వింటోంది. ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఒత్తుకుంది.

"ఏమైందే? పిల్ల మంచిగున్నదా? మాట్లాడవేంది?"

జ్యోతి అరుగు పక్కన గొంతుకూర్చుని తల్లి మొహంలోకి చూస్తోంది. భీమ్లి ఆ పిల్ల చేతిని, ఆ కుడిచేతినే, తన ఒళ్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడొస్తవ్?" అంది.

ఇన్నేళ్ల కాపురంలో అతడు ఆమె నోట వినని మాట అది.